ఉత్తరపు కిటికీలో సాకే సీసా

ఆక్లాండ్ నగరంలో, మౌంట్ ఆల్బర్ట్‌లో మేము అద్దెకున్న ఫ్లాట్‌కి రెండు వీధుల అవతల మావారి టీమ్ లీడు ఇల్లు ఉండేది. ఆయనా ఆంధ్రావాడే. న్యూజీలాండ్ రాకముందు టోక్యోలో కొన్నేళ్ళు పనిచేశాడు. ఆ కొన్నేళ్ళ గురించి జీవితానికి సరిపడా మాట్లాడేవాడు. శనివారాల్లో ఆఫీసులోని తెలుగు కుటుంబాలను మధ్యాహ్నం భోజనానికి పిలిచేవాడు. భోజనానికి ముందు మగవాళ్ళను హాల్లో కూర్చోబెట్టి, చిన్న చిన్న పింగాణీ గిన్నెల్లో సాకే పోసి, దాని మీద పాఠం చెప్పేవాడు. సాకే అంటే జపాను వాళ్ళు బియ్యం పులియబెట్టి చేసే మద్యం అనీ, వైన్‌ని చూసినట్టు రంగు చూడాలనీ, వాసన చూడాలనీ, ఆ తర్వాతే నాలుక మీద పెట్టాలనీ నాకు తెలిసింది వంటింట్లో పూరీలు వత్తుతూ ఆ పాఠాలు వినడం వల్లనే.

ఒక శనివారం ఆయన కొత్త సీసా తెరిచాడు. నేను పూరీల పళ్ళెం టేబుల్ మీద పెట్టడానికి హాల్లోకి వెళ్ళాను. గాలిలో చక్కటి పండు వాసన. ఉండబట్టలేక, "ఇందులో ఏం పండు వేస్తారండీ? కర్బూజా వాసన వస్తోంది" అని అడిగాను.

ఆయన గిన్నె ఎత్తి పట్టుకుని నవ్వాడు. "పండూ లేదు, ఏమీ లేదు. ఉత్త బియ్యం. రుచి చూస్తావా చెల్లెమ్మా?"

చూస్తానన్నాను. చెయ్యి కూడా చాచాను. ఆ చెయ్యి చాచడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన అందించినట్టే అందించి గిన్నె వెనక్కి తీసుకున్నాడు.

"వద్దులే. ఇది గటగటా తాగి మూతి తుడుచుకునేది కాదు. దీనికి వేరే నాలుక కావాలి. మీ తాతగారి సరుకు వేరు కదా."

హాలంతా నవ్వింది. అందరికీ అర్థమయింది. మా తాత గోదావరి జిల్లాలో తాటిచెట్లు గీసి కల్లు అమ్మేవాడు. మా నాన్న చదువుకుని బడిపంతులయ్యాడు. నేను మైక్రోబయాలజీ చదివాను. కానీ ఆ హాల్లో నేను కల్లుగీసే ఆయన మనవరాలిని మాత్రమే. ఆ సంగతి వాళ్ళకు చెప్పింది మావారే. ఆఫీసులో లంచ్ టైములో మాటల్లో మాటగా వచ్చిందట. ఆ రోజు మావారు కూడా నవ్వారు. పెద్దగా కాదు, పళ్ళు కనపడేంత.

నేను పళ్ళెం పెట్టి వంటింట్లోకి వెళ్ళి మిగతా పూరీలు వేయించాను. ఒక్కటి కూడా మాడనివ్వలేదు. ఆ ఇంటి ఇల్లాలు, ఆయన భార్య, నా పక్కనే నిలబడి ఆలుగడ్డ కూర కలుపుతోంది. ఆమె అంతా విన్నది. నా వైపు చూడలేదు. ఆమెను కూడా ఆ రోజు నా లెక్కలో వేసుకున్నాను.

ఆ రోజుల్లో నేను ల్యాబ్ ఉద్యోగాల కోసం తిరుగుతున్నాను. వెళ్ళిన ప్రతిచోటా ఇంటర్వ్యూ బాగానే చేసేవాళ్ళు, చివర్లో న్యూజీలాండ్‌లో పనిచేసిన అనుభవం లేదనేవాళ్ళు. పాపటోయిటోయిలో ఒక ఇండియన్ షాపులో కొన్నాళ్ళు చేశాను. అది దూరమై మానేశాను. ఇంటికి దగ్గరలో ఒక జపనీస్ రెస్టారెంట్ ఉండేది, భార్యాభర్తలిద్దరూ నడిపేవాళ్ళు. ఆయన లోపల వంట, ఆమె బయట కౌంటరు. వడ్డించడానికి మనిషి కావాలని అద్దానికి కాగితం అంటించారు. ఇంతకుముందు ఆ దారిన వెళ్తూ ఎన్నోసార్లు చూశాను, ఎప్పుడూ ఆగలేదు. ఈసారి ఆగి లోపలికి వెళ్ళాను. జీతం ఎంత అని కూడా అడగకుండా చేరాను. ఇంట్లో కారణం అడిగితే ఊరికే కూర్చోలేక అన్నాను. అసలు కారణం నాకు తెలుసు. అక్కడ అలమర నిండా సాకే సీసాలున్నాయి.

చేరిన కొత్తలోనే ఓనరమ్మ మధ్యాహ్నం జనం వెళ్ళిపోయాక నన్ను కౌంటరు దగ్గర కూర్చోబెట్టింది. ఆమె ఇంగ్లీషు కొంచెం, నా ఇంగ్లీషు కొంచెం ఎక్కువ. "కస్టమర్ అడుగుతాడు, ఇది ఎలా ఉంటుంది అని. నువ్వు తెలీదు అంటావా? తాగి చెప్పు. మింగకపోయినా పర్లేదు" అంది.

మొదట పోసింది కాగితపు డబ్బాలో వచ్చే చవక రకం. దాన్ని వేడినీళ్ళలో నిలబెట్టి వెచ్చగా చేసి ఇచ్చింది. మూతి దగ్గరికి తేగానే ఘాటు ముక్కుకెక్కి కళ్ళు చెమర్చాయి. ఆ ఘాటు తగ్గాక వెనకనుంచి అన్నం వార్చేటప్పుడు లేచే ఆవిరి వాసన వచ్చింది. ఎవరైనా నాకు ఇది గొప్పదని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. కానీ చలికాలం మధ్యాహ్నం, బయట సన్నగా వాన, కడుపులోకి ఆ వెచ్చదనం దిగుతుంటే బాగానే ఉంది. దీన్ని ఆ టీమ్ లీడు ఎప్పుడూ ఇంట్లో పెట్టడు, పెడితే పరువు పోతుంది అనుకున్నాను. అందుకే దాని మీద నాకు ఇష్టం కలిగింది.

తర్వాత ఒకరోజు, బియ్యం గింజను సగందాకా అరగదీసి లోపలి తెల్లటి ముక్కతో మాత్రమే చేసేదాన్ని చల్లగా పోసింది. ఆ రోజు హాల్లో నాకు వచ్చిన వాసన ఇదే. కర్బూజా, దాని వెనక అమృతపాణి అరటిపండు. నోట్లో మాత్రం పండు లేదు. నీళ్ళలా జారిపోయి, పోయాక నాలుక అంచున చిన్న చేదు మిగిలింది. వాసన చూపించి రుచి ఇవ్వకుండా వెళ్ళిపోతుంది. నా చేతిదాకా తెచ్చి వెనక్కి లాక్కున్న గిన్నె గుర్తొచ్చింది. అందరూ మెచ్చే ఆ రకాన్ని నేను ఈనాటికీ పూర్తిగా మెచ్చుకోలేను. తప్పు దానిది కాదు.

తెల్లగా, అడుగున బియ్యపు మడ్డి పేరుకుని ఉండేది ఒకటి ఉంది. కదిలించి పోయాలి. అది తాగినప్పుడు నేను నవ్వేశాను. తియ్యగా, కాస్త పుల్లగా, చిరుబుడగలతో నాలుకను గిల్లుతుంది. చిన్నప్పుడు సెలవులకు వెళితే తాత తెల్లారి దింపిన కల్లు కుండ మూతి దగ్గర ముక్కు పెట్టనిచ్చేవాడు. ఎండెక్కిన కల్లుకీ లేతకల్లుకీ తేడా నాకు అప్పటినుంచే ముక్కుకి తెలుసు. ఓనరమ్మతో, "ఇలాంటిది మా ఊళ్ళో చెట్టు నుంచి తీస్తారు" అన్నాను. ఆమె చాలాసేపు దాని గురించి అడిగింది. ఎన్ని గంటలకు పులుస్తుంది, కుండకు లోపల ఏం రాస్తారు, పాడైతే ఎలా తెలుస్తుంది. నవ్వలేదు. మా తాత పని గురించి నన్ను ఎవరైనా అలా అడగడం అదే మొదలు.

ఇంకొకటి పాతకాలపు పద్ధతిలో నెమ్మదిగా పులియబెట్టేది, యమహాయి అంటారు. అది మన తరవాణి. చద్దన్నంలో పోసుకునే ఆ పుల్లటి నీళ్ళు కాస్త కాచి, అందులో పుట్టగొడుగు ముక్క వేసినట్టుంటుంది. చేపల పులుసుతో అది తాగాలని నాకు అనిపించేది. ఏళ్ళ తరబడి నిలవ పెట్టినది ఒకటి చిన్న గిన్నెలో ఇచ్చింది. తేనె రంగు. పాకం పట్టిన పాత బెల్లం, నల్లబడిన చింతపండు. ఇలా నిలవుంటే మెరుగయ్యేవి కొన్ని, నిలవుంటే చచ్చిపోయేవి కొన్ని అని ఆమె చెప్పింది. వేడి చేయకుండా, లోపలి జీవాన్ని చంపకుండా సీసాలో పోసే పచ్చిరకం ఒకటి ఉంటుందనీ, దాన్ని ఫ్రిజ్‌లోంచి బయట ఉంచకూడదనీ చెప్పి, ఆ సీసా మెడకు అంటించిన ఎర్ర కాగితం మీది అక్షరాలు వేలితో చూపించింది. "చల్లగా ఉంచవలెను" అని. ఆ అక్షరాలు నేను రాసి రాసి నేర్చుకున్నాను.

ఈ రుచులన్నీ సరదా కోసం నేర్చుకున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ప్రతి గుక్కా ఆయన ముఖం ఎదురుగా పెట్టుకునే తాగాను. శనివారాలు ఆయన ఇంటికి వెళ్ళడం మానలేదు. పూరీలు వత్తాను, నవ్వాను, అన్నయ్యగారూ అన్నాను. హాల్లో ఆయన చెప్పే పాఠంలో ఎక్కడెక్కడ తప్పులున్నాయో ఇప్పుడు నాకు వినపడుతోంది. యమహాయిని చూపించి పండు వాసన అంటున్నాడు. సీసా వెనక ఇంగ్లీషులో ఉన్నది మాత్రమే చదువుతున్నాడు. నాకు తొందర లేదు.

కొన్నాళ్ళకు వాళ్ళ కంపెనీకి ఒక జపాను క్లయింటు వచ్చింది. ఆ పని తన టీముకే రావాలని ఆయన పట్టుపట్టాడు. అక్కడినుంచి ఒక పెద్ద ఇంజినీరు వేసవిలో వస్తున్నాడని తెలిసి, తన ఇంట్లో భోజనం పెట్టాలనుకున్నాడు. మంచి సాకే కోసం మా రెస్టారెంట్‌కే వచ్చాడు. నేను అక్కడ పనిచేస్తున్నానని అప్పటికే తెలుసు. "ఏమ్మా, గిన్నెలు కడగడం బాగా వచ్చిందా?" అని నన్ను పలకరించి, ఓనరమ్మతో జపనీస్‌లో మాట్లాడాడు. నాలుగు ముక్కలే వచ్చు, వాటినే తిప్పి తిప్పి వాడాడు. ఆమె చుట్టం ఎవరో విమానంలో చల్లటి పెట్టెలో తెచ్చిన పచ్చిరకం సీసా ఒకటుంది. అన్నిటికన్నా అరుదైనది కావాలని ఆయన అదే అడిగాడు.

ఆమె సీసాను ఐస్ ముక్కలతో చుట్టి ఇస్తూ జపనీస్‌లో జాగ్రత్తలు చెప్పింది. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టమనీ, ఎక్కువ రోజులు ఉంచవద్దనీ. అంతవరకు నాకు అర్థమయింది. ఆయన అన్నీ అర్థమైనట్టు నడుం వంచి "హై, హై" అన్నాడు. ఆయన కళ్ళు చూశాను. ఆయనకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. నేను పక్కనే నిలబడి గ్లాసులు తుడుస్తున్నాను. తెలుగులో ఒక్క మాట చెబితే సరిపోయేది. గ్లాసులు తుడిచాను.

క్రిస్మస్ దగ్గరపడ్డాక ఆయన భార్య కాఫీకి పిలిస్తే వెళ్ళాను. హాల్లో కొత్త అద్దాల బీరువా కొన్నారు. దాని నడిమి అరలో ఆ సీసాను నిలబెట్టాడు, ఎర్ర కాగితంతో సహా. బీరువా ఉత్తరపు కిటికీ పక్కన ఉంది. మన దేశంలో ఉత్తరం వైపు ఎండ తగలదు. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం నుంచే తిరుగుతాడు. ఇక్కడ డిసెంబరంటే వేసవి, ఎండ తిన్నగా సీసా మీద పడుతోంది. అద్దం మీద చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది.

"బాగుందా అక్కడ? ఈయన నాలుగుసార్లు జరిపి జరిపి పెట్టారు" అంది ఆమె.

"చాలా బాగుంది అక్కా. అందరికీ కనపడుతుంది" అన్నాను.

భోజనం ఫిబ్రవరిలో, ఒక ఆదివారం. ఇంటి వెనక, చెక్క అరుగు లాంటి డెక్ మీద బల్లలు వేశారు. జపాను ఇంజినీరు వచ్చాడు, తెల్లజుట్టు, మెత్తటి మనిషి. వాళ్ళ న్యూజీలాండ్ మేనేజరు వచ్చింది, పొడుగాటి ఆవిడ, ఏదున్నా ముఖం మీదే అంటుంది. మూడు తెలుగు కుటుంబాలం ఉన్నాం. భోజనానికి ముందు ఆయన సీసా తెచ్చి, దాని పుట్టుక గురించి ఉపన్యాసం ఇచ్చి, మూత తీసి అందరికీ పోశాడు. ఈసారి ఆడవాళ్ళకు కూడా పోశాడు, మేనేజరు చూస్తోంది కనక.

నా గిన్నె మూతి దగ్గరికి తెచ్చుకున్నాను. ఎండలో మరిచిపోయిన వెన్న, తడిసిన గోనెసంచి, వాటి కింద ముగ్గిపోయిన ముల్లంగి. నీళ్ళలా ఉండవలసినది పలచగా మబ్బు పట్టింది. నాలుక మీద ఒక చుక్క పెట్టుకున్నాను. పులుపు, చేదు, ఆ వెనక నిలవ నూనె జిడ్డు. నేను తాగిన సాకేలన్నిటిలో నాకు ఎక్కువ నచ్చినది ఏదంటే ఆ చుక్కే అంటాను.

మేనేజరు ముక్కు ముడిచింది. "ఇది ఇలాగే ఉండాలా?"

"ఇది పాతకాలపు పద్ధతి. పులుపు ఉంటుంది. అలవాటు లేనివాళ్ళకి మొదట్లో అలాగే అనిపిస్తుంది" అన్నాడాయన. తన గిన్నె ఖాళీ చేసి కళ్ళు మూసుకుని తలాడించాడు. "చివర్లో వచ్చే ఆ పియర్ పండు వాసన చూడండి."

తెలుగు మగవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. "అవునండీ, పియర్" అన్నాడొకాయన. మావారు కూడా తలూపారు. జపాను ఇంజినీరు పెదవి తడిపి గిన్నె కింద పెట్టి, "చాలా ప్రత్యేకంగా ఉంది" అన్నాడు. మర్యాదస్తుడు. ఇన్ని నెలలు ఎండ చేసిన పని ఆ మర్యాదలో కొట్టుకుపోయేటట్టుంది.

టీమ్ లీడే నన్ను గట్టెక్కించాడు. గెలిచానన్న ఊపులో మేనేజరు వైపు తిరిగి, "ఈ అమ్మాయి ఆ రెస్టారెంట్‌లోనే పనిచేస్తుంది. కావాలంటే అడగండి. చెప్పమ్మా, ఎలా ఉంది?" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. అందరికీ అర్థం కావాలని ఇంగ్లీషులోనే చెప్పాను.

"ఇది పాడైపోయిందండీ. ఫ్రిజ్‌లో పెట్టవలసిన రకం. ఎండలో ఉంచారు. సీసా మెడ మీద ఎర్ర కాగితంలో రాసే ఉంది."

జపాను ఇంజినీరు సీసాను మెల్లగా తన వైపు తిప్పుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "అవును. రాసి ఉంది" అన్నాడు. ఆ తర్వాత ఆయన టీమ్ లీడు వైపు చూడలేదు, బల్ల మీది పూలు చూశాడు. మేనేజరు తన గిన్నెను డెక్ అంచు నుంచి గడ్డిలోకి వంపేసి, "థాంక్ గాడ్, తప్పు నాదే అనుకున్నా" అంది.

టీమ్ లీడు ముఖం మెడ దగ్గర్నుంచి ఎర్రబడుతూ చెవులదాకా పాకింది. నేను ఖాళీ గిన్నెలు తీయడానికి వంగి, ఆయనకు మాత్రమే వినపడేటట్టు తెలుగులో అన్నాను.

"మా తాతగారి సరుకు ఈ వాసన వస్తే, ఎవరి నోటికీ అందకుండా పారబోసేవారు అన్నయ్యగారూ."

వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాను.

పాల కోసం షాపు దాకా వెళ్ళి, కారులో ఇంటికి వస్తుంటే ఇంకా వెలుతురుంది. మావారు సిగ్నల్ దగ్గర ఆపి అడిగారు. "సీసా ఎండలో ఉందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు ఆయనకి చెప్పేసేవారు. మీ నోట్లో ఏదీ దాగదు కదా."

పచ్చలైటు పడ్డా బండి కదల్లేదు. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఇంటి ముందు కారు ఆపాక ఆయన తాళంచెవి చేతిలో తిప్పుతూ, "ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది" అన్నారు. అవునన్నాను. పర్లేదులెండి అనలేదు. అంటానని ఆయన కాసేపు ఎదురుచూశారు.

టీమ్ లీడు ఉద్యోగానికి ఏ ఢోకా రాలేదు. జపాను పని కూడా ఆయన టీముకే వచ్చింది. ఆ సంగతి నాకు కొంచెం వెలితిగానే ఉండేది. కానీ శనివారం పాఠాలు ఆగిపోయాయి. ఆ బీరువాలో స్కాచ్ సీసాలు పెట్టాడని విన్నాను. ఆ రోజు "అవునండీ, పియర్" అన్న ఆయనను ఆఫీసులో అందరూ 'పియర్' అనే పిలుస్తున్నారని మావారే నవ్వుతూ చెప్పారు.

ఆ భోజనం అయి పదిరోజులు తిరక్కముందే టీమ్ లీడు భార్య ఫోన్ చేసింది. తిడుతుందనుకుని సిద్ధంగా ఉన్నాను.

"నువ్వు క్రిస్మస్ ముందు వచ్చినప్పుడు అద్దం మీద చెయ్యి పెట్టి చూశావు కదా" అంది.

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నేను చూశాను. నీకు తెలిసిపోయిందని కూడా తెలిసింది. బీరువా కొన్న రోజే చెప్పాను ఈయనకి, ఎండ పడుతోంది, తీసి లోపల పెట్టండి అని. నీకేం తెలుసు, నోరు మూసుకో అన్నారు. మూసుకున్నాను. తర్వాత ఆయన ఆఫీసుకి వెళ్ళాక రోజూ ఆ కర్టెన్ పూర్తిగా తీసేదాన్ని."

తర్వాత ఎవరు మొదలుపెట్టారో తెలీదు, నవ్వు ఆగలేదు. నేను కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాను. అవతల ఆమె దగ్గుతోంది.

ఆ తర్వాత నాకు టౌరంగాలో పళ్ళ ప్యాకింగ్ కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికి అక్కడికి మారాం. ఎప్పుడైనా ఆక్లాండ్ వస్తే పాపటోయిటోయిలో సరుకులు కొనుక్కుని వెళ్ళేవాళ్ళం. ఒకసారి అక్కడ షాపులో టీమ్ లీడూ ఆయన భార్యా ఎదురయ్యారు. ఆయన నన్ను చూసి ట్రాలీని పప్పుల వరసలోకి తిప్పేశాడు. నేను అటే వెళ్ళాను. ఆయన భార్య నన్ను పట్టుకుని, పిల్లల గురించి, కొత్త ఇంటి గురించి, నా ఉద్యోగం గురించి అడిగింది. నేను అన్నీ వివరంగా చెప్పాను. తొందరేమీ లేదు కనక ఆమె కూడా మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ఆయన గడియారం చూసుకున్నాడు, దగ్గాడు, కందిపప్పు ప్యాకెట్టు తీసి వెనకవైపు రాసింది చదివాడు.

"ఇంక వెళ్దామా?" అన్నాడు చివరికి.

"ఉండండి, మాట్లాడుతున్నాం కదా" అంది ఆమె. ఆయన ప్యాకెట్టు అరలో పెట్టి ఇంకొకటి తీశాడు.